ఏటొడ్డామె పేరు

మే 4, కల్వకుర్తి దగ్గర మా ఊరు

మేం వెళ్లేసరికి మా మేనత్త వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుని తొక్కుకు మామిడికాయలు కొట్టిస్తోంది. ఎనభై రెండేళ్ల మనిషి. కత్తి పట్టే ఓపిక లేదు కానీ ముక్క ఎంత ఉండాలో, టెంక పెంకు ఎంత నిలవాలో ఆమె చెప్పాల్సిందే. పక్కన చాటలో కారం, ఆవపిండి, దంచిన ఉప్పు. మమ్మల్ని చూసి చెయ్యి కడుక్కుని లేచింది. తమ్ముడు నాలుగు నెలల తర్వాత కనిపించాడని నాయన చెంపలు పట్టుకుని కాసేపు వదల్లేదు.

నా బ్యాగులో ఒక కాగితం ఉంది. నాయనకు పెద్దనాయన, అంటే నాకు పెద్దతాత, రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడు. ఇంట్లో 'బర్మా లడాయిల పోయిండు' అనేవాళ్లు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. ఫొటో లేదు. కరువులో గొర్రెలన్నీ చచ్చాక గొంగడి కప్పుకుని జడ్చర్ల దాకా నడిచి, అక్కడ రైలెక్కి సికింద్రాబాద్‌లో భర్తీ అయ్యాడని ఒక మాట మాత్రం మిగిలింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వాళ్ల రికార్డుల్లో నేను ఆరు నెలలుగా వెతుకుతున్నాను. ఇంటిపేరు లేకుండా, మా ఊళ్లో ఎవరూ పలకని స్పెల్లింగుతో చివరికి దొరికాడు. పయనీర్, ఇండియన్ పయనీర్ కోర్. 1944 సెప్టెంబర్. రంగూన్ మెమోరియల్. కింద ఒక వరుస: ఫలానా ఆయన కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, హైదరాబాద్ సంస్థానం.

తండ్రి పేరు మా ముత్తాతదే. ఆ పేరు చూశాకే నమ్మాను. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం రెండో పేరు. పెద్దతాతకు పెళ్లయిందన్న సంగతే నాకు తెలియదు.

"అత్తా, మీ పెద్దనాయన పెండ్లాం పేరేంది?" అన్నాను.

"ఏటొడ్డామె."

"అది ఏటి ఒడ్డు ఊరి నుంచి వచ్చిందని పిలిచేది కదా. పేరు?"

"కోడండ్లను పేరు వెట్టి ఎవరు పిలుస్తరు బిడ్డా? నన్ను మా అత్తగారింట్ల ఇప్పటికీ కల్వకుర్తామె అనే అంటరు."

నేను కాగితం తీసి పేరు చదివాను. అత్త ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత, "మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. ఆమె పెదాలతో ఆ పేరును రెండుసార్లు అనుకుని చూసుకుంది.

అత్తకు వాళ్లమ్మ చెప్పిన కథ ఇది: మనిషి పోయాడని తారు (టెలిగ్రాం) వచ్చాక, 'నీ అడుగు మంచిది కాదు' అని మా ముత్తవ్వ ఆమెను పుట్టింటికి తోలేసింది. మళ్లీ ఎవరూ ఆమె సంగతి అడగలేదు. ముత్తవ్వ మాత్రం కొడుకు పోయాడని చివరిదాకా నమ్మలేదట. తారులో పేరు తప్పు పడి ఉంటుందని, ఏదో ఒకనాడు వస్తాడని చెప్పేదట. అందుకే అతనికి దినాలు చేయలేదు. పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, అతని పేరు మీద బియ్యం కూడా ఇవ్వలేదు. ఆమె పోయాక మిగతావాళ్లు మొదలుపెట్టనూ లేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల తొక్కు. నాయన రెండు రొట్టెలు తిని, చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు. "ఆమె ఊరు పోదాం" అన్నాడు.

ఒక మాట ముందే చెప్పాలి. ఆమె మనుమడి ఇంట్లోవాళ్లు కోరారు కాబట్టి ఆమె పేరు, ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు.

మే 5, మహబూబ్‌నగర్

బస్సులో నాకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, నాయనకు డబ్బులు. జడ్చర్ల బస్టాండులో దిగి సోడా తాగాం. నాయన రైల్వే స్టేషన్ ఎటు ఉందో అడిగి, ఆ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎండ అప్పటికే మాడ పగిలేలా ఉంది, తొందరపెట్టబుద్ధి కాలేదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మా పని అయిదు నిమిషాలే. పాత పయనీర్ల సంగతి ఇక్కడ ఉండదని, కోర్ ట్రైనింగ్ సెంటర్ బెంగళూరులో ఉందని, నంబరు వేసి అక్కడికి రాయమని చెప్పారు. మాకు నిజంగా దొరికింది అక్కడి బల్ల మీద పెన్షన్ పని కోసం కూర్చున్న ఒక రిటైర్డ్ సుబేదార్. డెబ్బై దాటి ఉంటాయి. మా కాగితం అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివాడు.

"పయనీర్ అంటే పార, గడ్డపార, తుపాకీ, మూడూ మోసినోడు" అన్నాడు. బర్మా సరిహద్దు కొండల్లో రోడ్లు, వంతెనలు, విమానాలు దిగే మైదానాలు ఇలాంటివాళ్ల చేతుల మీదే తయారయ్యాయని చెప్పాడు. వానాకాలంలో ఆ మట్టి రోడ్డు రోజూ కొట్టుకుపోయేదట, రోజూ వేసేవాళ్లట. పాలమూరు మనిషికి ఆ పని కొత్త కాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది మనవాళ్లే కదా. ఎలా పోయి ఉంటాడని నాయన అడిగాడు. కాగితంలో కారణం లేదు. "ఆ కొండలల్ల తూటా కంటే మలేరియానే ఎక్కువమందిని పండవెట్టింది" అన్నాడు సుబేదార్. అంతకంటే ఊహించి చెప్పలేదు. అది నాకు నచ్చింది.

సమాధి ఎందుకు లేదన్నది నాయన రెండో ప్రశ్న. ఆ మెమోరియల్ రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లో ఉంది. సమాధి జాడ తెలియని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడ రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. మనవాళ్లను కాల్చేస్తారు కాబట్టి రాయి పాతరు, పేరు చెక్కుతారు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో చేరింది 25 లక్షల మంది, తిరిగి రానివాళ్లు 87,000 మంది. ఈ లెక్కలు నేను ముందే చదివాను. కానీ నాయన పక్కన కూర్చుని, ఆ లెక్కలో ఒకడు గొంగడి కప్పుకుని జడ్చర్లకు నడిచాడని తలుచుకుంటే గొంతు పట్టేసింది.

లేచేముందు సుబేదార్ కాగితం మీద ఒక చోట వేలు పెట్టాడు. "ఈ ఊరు మీదేనా?" కాదు, ఆమె పుట్టినూరు అన్నాను. "అయితే మీ తాతనే చెప్పిండు. భర్తీ అయినప్పుడు, ఇంటోళ్లకు కబురు ఎక్కడ పంపాల్నో రాస్కుంటరు. ఆయన తన ఊరు చెప్పలే. ఆమె తల్లిగారూరు చెప్పిండు."

నాయన నా వైపు చూశాడు. అత్త చెప్పిన కథలో అది ఇమడదు.

మే 6, పెబ్బేరు, కృష్ణ ఒడ్డు

ఈ రోజు సగం తప్పు దారిలో పోయింది. కాగితంలో ఆమె ఊరి పేరు రాసినవాళ్లకు మన ఊళ్లు తెలియవు. ఆ ఇంగ్లీషు అక్షరాలను మూడు రకాలుగా చదవొచ్చు. అందులో ఒకటి బీచుపల్లి వంతెనకు ఇవతల, కృష్ణ పక్కనే ఉన్న ఒక ఊరికి దగ్గరగా పలుకుతుంది. ఏటొడ్డు కూడా. ఇంకేం కావాలి అనుకున్నాం. పెబ్బేరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం, పోను రాను 500.

ఊరి మొదట్లో తాటిచెట్ల కింద ఒక గౌడాయన ముంజలు కొడుతున్నాడు. వంద రూపాయలకు డజను. మేం తింటుంటే వివరాలు అడిగాడు. "ఎవలోళ్లు మీరు?" కురుమోళ్లమని నాయన చెప్పాడు. ఆయన కత్తి పక్కన పెట్టి, మమ్మల్ని ఒక ముసలాయన ఇంటికి తీసుకెళ్లాడు. బేరం ఆపుకుని మరీ వచ్చాడు. డబ్బులివ్వబోతే ముంజల డబ్బులు చాలన్నాడు.

ముసలాయన మంచం మీద లేచి కూర్చుని అంతా విన్నాడు. తన ఎరుకలో ఆ ఊరినుంచి లడాయికి పోయినవాడి పెళ్లాం ఎవరూ లేదన్నాడు. మా మూడు పలుకుబళ్లలో రెండోది విన్నాక తల ఊపాడు. "అది ఇక్కడ కాదు నాయనా. కిందికి, కొల్లాపురం దిక్కు. ఆ ఊరు ఇప్పుడు ఏట్లనే ఉన్నది."

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు 1980ల మొదట్లో పైకి వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డున పాలమూరు వైపు, కర్నూలు వైపు చాలా ఊళ్లు మునిగాయి. ఇది మాకు తట్టకపోవడం ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. మా జిల్లాలోనే జరిగిందది. నేను బడిలో చదువుకుంటున్న రోజుల్లో జరిగింది.

మే 7, జటప్రోలు, కొల్లాపూర్

పెంట్లవెల్లి వైపు వెళ్లే దారిలో జటప్రోలు గుళ్ల దగ్గర ఆగాం. ముంపులో పోకుండా పాతచోటు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి, మళ్లీ కట్టిన గుళ్లు ఇవి. మదనగోపాలస్వామి గుడి స్తంభాల మీది చెక్కడాలు చూస్తూ నాయన నీడలో కూర్చున్నాడు. నేను రాళ్ల అతుకులు చూస్తూ ఉండిపోయాను. ఎంత శ్రద్ధగా పేర్చారో!

కొల్లాపూర్‌లో మామిడి కాలం. బస్టాండు దగ్గర నుంచే పండ్ల వాసన. రూము 900, ఫ్యాను మాత్రమే. మధ్యాహ్నం మూడింటికి మునిగిన ఊరివాళ్లు ఉండే కాలనీకి వెళ్లాం. నా చేతిలో ఫైలు ఉండటం పొరపాటయింది. పది నిమిషాల్లో ఇరవై మంది చుట్టూ చేరారు. "98 జీవో మీదనా సారూ?" అని నాయనను అడుగుతున్నారు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని 1986లో వచ్చిన జీవో అది. ఉద్యోగం రానివాళ్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఒకాయన లోపలికి పోయి, ప్లాస్టిక్ కవర్లో మడతలు విడిపోయిన తన దరఖాస్తు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మేం ఆఫీసువాళ్లం కాదని చెప్పడానికి నోరు రాలేదు. నాయనే చెప్పాడు. వాళ్ల ముఖాలు వాడిపోయాయి, అయినా ఎవరూ విసుక్కోలేదు. ఆ దరఖాస్తు ఆయనే మళ్లీ మడిచి కవర్లో పెట్టుకుంటూ, "మరి ఎవల కోసం వచ్చిండ్రు?" అన్నాడు.

పేరు చెప్పాను. గుంపులో వెనక నిలబడ్డ ఒక యాభై ఏళ్ల మనిషి ముందుకు వచ్చాడు.

"అది మా జేజి" అన్నాడు. నాయనమ్మ అన్నమాట.

ఆయన ఇల్లు రెండు గదులు, ముందు రేకుల పందిరి. ఆయన భార్య చెంబుతో నీళ్లు ఇచ్చి, మజ్జిగ కలిపింది. నేను కాగితం చదివి, ఏ వరుస ఏమిటో చెప్పాను. ఆమెకు ఒక మొదటి పెళ్లి జరిగిందని ఆయనకు తెలుసు. మారుమనువు మా వాళ్లలో కొత్త కాదు. పిల్లలు ముగ్గురు. పెద్దవాడు ఈయన తండ్రి, ఇప్పుడు లేడు. ఆమె 1990లలో పోయింది.

"లడాయికి పొయ్యేటప్పుడు మీ తాతనే తెచ్చి దిగవెట్టిండంట. రెండు దినాలు ఉన్నడంట. మా అమ్మ దగ్గర నువ్వు బతకలేవు, నేనొచ్చేదాక ఈడనే ఉండుమని చెప్పి పోయిండంట."

ఆమెను మేం తోలేశామని మా ఇంట్లో, ఆయనే దించి వెళ్లాడని వీళ్లింట్లో. కాగితం ఆమె ఊరినే చెబుతోంది. అది ఆయన నోటితో చెప్పిన ఊరు.

అప్పుడు నాయన ఒక సంగతి చెప్పాడు. నేను కూడా మొదటిసారి విన్నాను. ఆయన చిన్నప్పుడు, 1950లలో, ఇంటికి మనియార్డర్ వచ్చేదట. అప్పటికి మన దగ్గర నిజాం రూపాయి, హాలీ సిక్కా, ఇంకా నడుస్తోంది. ఇది మాత్రం కల్దారు, అంటే ఇండియా రూపాయల లెక్కన వచ్చేది. ముత్తవ్వ వేలిముద్ర వేసి తీసుకునేది. ఆ డబ్బుతోనే నాయనకు పలక, పుస్తకాలు కొన్నారు. "అది మీ జేజికి రావాల్సిన పైకమో, మా ముసల్దానికి వచ్చిందో నాకు తెల్వదు. ఎవరూ అడగలే. నేను సదువుకున్నది దానితోనే" అన్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, తల దించుకుని చెప్పాడు.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఇంటి కోడలు లేచి వచ్చి, "అన్నం తినుండ్రి ముందు" అంది. చేపల పులుసు వండింది. మేమిద్దరం పరాయివాళ్లమని కూడా చూడకుండా, తన పిల్లల పళ్లెంలో వేసినట్టే పెద్ద ముక్కలు వేసింది.

తింటుంటే ఆయనకు ఏదో గుర్తొచ్చి చెయ్యి ఆపాడు.

"పెత్రమాసకు మా జేజి రెండు మూటల బియ్యం ఇస్తుండె. ఒకటి మా తాత పేరు మీద. ఇంకోటి ఎవరికంటే చెప్పకపోతుండె. అయ్యవారు పేరు అడిగితే, నీకెందుకయ్యా, బియ్యం తీస్కో అంటుండె. ఊరు మునిగి ఈడికొచ్చినంక కూడ తప్పలే."

నాయన కంచం ముందు నుంచి లేచి బయటికి పోయాడు. ఆయన వెనకాలే పోబోతే ఇంటి కోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మే 8, సోమశిల, పాత ఊరు

పొద్దున్నే ఆ అన్న ఆటో తెచ్చాడు. సోమశిల దాకా పది కిలోమీటర్ల లోపే. మే నెల కాబట్టి ఏరు బాగా దిగిపోయింది. ఎండాకాలంలో నీళ్లు తగ్గాకే అవతల సంగమేశ్వరం గుడి కూడా బయటపడుతుంది. అలాగే పాత ఊళ్ల ఆనవాళ్లు కూడా. సోమశిల నుంచి ఒడ్డు వెంట ఆటో పోయినంత దూరం పోయి, మిగతాది నడిచాం. నాయన కర్ర పట్టుకుని మా కంటే ముందు నడిచాడు.

నెర్రెలిచ్చిన ఒండ్రు, అక్కడక్కడ తెల్లగా ఎండిన నత్తగుల్లలు. దూరంగా ఎవరో దిగిన నీళ్ల వెంట పంట వేసుకున్నారు, పచ్చగా కనిపిస్తోంది. తర్వాత రాళ్ల వరుసలు మొదలయ్యాయి. మొదట నాకు ఏమీ అర్థం కాలేదు. అన్న చూపిస్తుంటే ఊరు కనిపించడం మొదలైంది. ఇది బజారు. ఇది హనుమాండ్ల గుడి అరుగు. ఇది చేదబావి. గట్టు రాయి మీద తాళ్లు ఒరుసుకుని పడ్డ గాళ్లు నలభై ఏళ్ల నీళ్లలో కూడా అరగలేదు. నేను వేలు పెట్టి చూశాను, వేలు దూరేంత లోతు.

"ఇది జేజి తల్లిగారిల్లు" అని ఒక చోట నిలబడ్డాడు. నాలుగు మూలల పునాది, ఒక గడప రాయి. పెద్దతాత రెండు రోజులు ఉన్న ఇల్లు ఇదే. ఇక్కడి నుంచే మళ్లీ నడక మొదలుపెట్టి ఉంటాడు, ఈ గడప దాటే.

నాయన గడప రాయి ముందు కింద కూర్చున్నాడు. అత్త ఇచ్చి పంపిన బియ్యం మూట విప్పాడు. పోయినచోట ఎవరింటికైనా ఇవ్వమని ఆమె కట్టిచ్చిన బియ్యం అది. కొన్ని గింజలు గడప మీద పోసి, మిగతావి మూట కట్టి అన్న చేతిలో పెట్టాడు. ఇద్దరికీ అన్నాడు. పెద్దనాయనకూ, ఆమెకూ.

నడిచి వస్తుంటే వరసల లెక్క వచ్చింది. అన్న చాలాసేపు ఆలోచించాడు. "మా జేజి మీకు పెద్దమ్మ. అంటే మా నాయన మీకు తమ్ముడు. అయితే మీరు నాకు పెద్దనాయన." అంతవరకు సార్ అన్నవాడు అక్కడి నుంచి పెద్దనాయనా అని పిలిచాడు. నన్ను చెల్లె అన్నాడు. సోమశిలలో వేపిన చేపలు ప్లేటు 150, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. చెల్లెతో డబ్బులు పెట్టిస్తారా అన్నాడు. వదిన బయలుదేరేముందు నాకు బొట్టు పెట్టి, రవికె గుడ్డ, అయిదు మామిడిపండ్లు ఒళ్లో పెట్టింది.

మే 9, మళ్లీ మా ఊరు

అత్త అంతా విని, మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. పుట్టింట దించిన సంగతి దగ్గర మాత్రం, "మా అమ్మ నాకట్ల చెప్పలే" అంది. పెత్రమాస మూటల సంగతి చెప్పినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బెంగళూరుకు దరఖాస్తు రాసి, నాయనతో సంతకం పెట్టించాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పెత్రమాసకు వాళ్లను ఇక్కడికి రమ్మని నాయన అప్పుడే ఫోను చేసి చెప్పాడు.

సాయంత్రానికి తొక్కు ఊరింది. అత్త నూనె పోసి కలిపి, చిన్న జాడీలో గట్టిగా నింపి, గుడ్డ కట్టింది. కొల్లాపూర్‌కు ఆర్టీసీ కార్గోలో పంపితే పగులుతుందేమోనని ఒకటే టెన్షన్. లోపలి గదిలోంచి పాత గొంగడి ముక్క తెచ్చి జాడీకి మూడు చుట్లు చుట్టింది. పైన అతికించే కాగితం మీద ఎవరి పేరు రాయాలని అడిగాను. అన్న పేరు చెప్పి, ఆగి, ఆ పేరు కింద 'ఫలానా ఆమె మనుమడు' అని కూడా రాయమంది. ఏటొడ్డామె అనలేదు. కాగితంలో ఉన్న పేరే చెప్పింది.